పియానో అడుగున వెలిగే బల్బు

బెంగాల్లో మా రైల్వే ఊళ్ళో, ఇందా అనే పేటలో బస్సులు ఆగే చోట ఒక కరెంటు సామాన్ల దుకాణం ఉంది. మొన్న అక్కడ ఫిలమెంటు బల్బు అడిగితే దుకాణం ఆయన నన్ను వింతగా చూశాడు.

"అవి ఇప్పుడెవరు వాడుతున్నారు మాసీమా? ఎల్‌ఈడీ తీసుకోండి. కరెంటు తక్కువ లాగుతుంది, అసలు వేడెక్కదు," అన్నాడు బెంగాలీలో.

"నాకు వేడెక్కేదే కావాలి దాదా. వెలుతురుతో పనిలేదు."

"కోడిపిల్లల్ని పెంచుతున్నారా?"

"కాదు. పియానోని."

ఆయన నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి, అట్టపెట్టె మీద దుమ్ము ఊదుకుంటూ ఒకటి తెచ్చాడు. ఆటోలో దాన్ని ఒడిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మా చర్చిలో గోడవారగా ఒక పాత నిలువు పియానో ఉంది. వానాకాలం వచ్చిందంటే ఈ ఊళ్ళో గోడలు చెమరుస్తాయి, డబ్బాలో ఉప్పు నీరవుతుంది, తలుపులు బిగుసుకుపోతాయి. పియానో లోపల సుత్తులకీ మెట్లకీ గొర్రె ఉన్నితో చేసిన మెత్తటి గుడ్డ అంటించి ఉంటుంది. అది తేమ పీల్చుకుంటే నొక్కిన మెట్టు నొక్కినట్టే ఉండిపోతుంది, పైకి లేవదు. అందుకని మొదటి వాన పడగానే పియానో అడుగు పలక తీసి, చిల్లులు పొడిచిన డబ్బాలో ఒక బల్బు పెట్టి వెలిగిస్తాం. దసరా పూజల సెలవులు అయిపోయేదాకా అది ఆరకూడదు. ఈ పని పన్నెండేళ్ళ వయసు నుంచి నాదే. ఇప్పుడు మోకాళ్ళు వంగవు. కింద కూర్చుంటే లేవడానికి పియానో స్టూలు పట్టుకోవాలి. అయినా ఎవరికీ అప్పగించలేదు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక యవ్వనస్థుల కూటమిలోని ఒక అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. "ఆంటీ, ఈవిడ మన ఊరావిడేనంట కదా? మన పియానో మీదే నేర్చుకున్నారంట కదా?"

ఫోనులో ఎక్కడో విదేశంలో పెద్ద హాలు. అద్దంలా మెరిసే నల్లటి పియానో. దాని ముందు, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకామె. ఆడవాళ్ళంతా నా భుజాల మీద నుంచి తొంగిచూశారు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు అక్కడికక్కడే ప్రకటించేసింది. "వచ్చే ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాలి. మీరిద్దరూ కలిసి నేర్చుకున్నారు కదా. దేవుడు మన పియానోని ఎలా వాడుకున్నాడో నాలుగు మాటలు చెప్పండి."

తలూపాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. సాక్ష్యమంటే జరిగింది జరిగినట్టు చెప్పడం. ఆ నాలుగు మాటల్లో ఒకటి నేను ఇంతకాలం మింగి ఉంచుకున్నది. నిలబడి చెప్పబోతే నోరు తిరగదని తెలుసు. అందుకే రాస్తున్నాను. ఆదివారం నాటికి ధైర్యం మిగిలి ఉంటే ఇదే చదువుతాను.

*

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో మిస్త్రీ, సంఘంలో పెద్ద. చర్చి తాళం మా ఇంట్లో దేవుని వాక్యం రాసిన క్యాలెండరు పక్కన మేకుకి వేలాడేది. సాయంత్రం వర్క్‌షాపు కూత వేయగానే సైకిళ్ళ గంటలు, బొగ్గు పొగ, ఎవరింట్లోనో ఎండుచేపలు వేగుతున్న వాసన, అన్నీ ఒకేసారి మా క్వార్టర్ల లైన్లోకి వచ్చేవి. ఆ కూత వినగానే నేను తాళం తీసుకుని చర్చికి పరిగెత్తేదాన్ని.

అక్కడ పియానో నేర్పే ఆవిడని మేం మిస్ అనేవాళ్ళం. ఆంగ్లో ఇండియన్. భర్త మెయిలు బండి డ్రైవరుగా చేసి పోయాడు, కొడుకులు ఓడెక్కి వెళ్ళిపోయారు, ఆవిడ మాత్రం చర్చి వెనక చిన్న క్వార్టర్లో ఉండిపోయింది. ఆదివారాలు పసుపు కొబ్బరన్నం, మాంసం ఉండల కూర వండేది. ఆ వాసన ప్రసంగం మధ్యలో కిటికీలోంచి వచ్చేది. ఆమేన్‌లు కాస్త తొందరగా పడేవి.

పాఠానికి ఫీజు లేదు. ముందు అరచేతులు వాసన చూసేది. "ఏయ్ గర్ల్, హాథ్ ధోయా? మచ్లీ, ఫిష్ స్మెల్! పో, సోప్ పెట్టి కడుగు," అనేది. తరవాత ముంజేతుల మీద చెరొక గుండ్రటి బిస్కెట్టు పెట్టి వాయించమనేది. పాట అయ్యేదాకా బిస్కెట్టు కింద పడకపోతే అది మనదే. నా బిస్కెట్టు ఒక్క రోజూ పడలేదు. పాట అంతా అయ్యేదాకా చేతులు పళ్ళెంలా ఉంచి వాయించి, రెండూ తినేదాన్ని. నా అంత నీటుగా వాయించేవాళ్ళు ఈ ఊళ్ళోనే లేరని మిస్ నాన్నతో అంది. నాన్న అది ఇంట్లో మూడుసార్లు చెప్పాడు.

ఇంతలో ఆ పిల్ల వచ్చింది.

వాళ్ళయ్య స్టేషన్లో చక్రాలు చూసేవాడు. బండి ఆగగానే పట్టాల పక్కన నడుస్తూ, పొడుగాటి సుత్తితో ఒక్కో చక్రాన్నీ టంగుమనిపించి, ఆ మోతని బట్టి ఏది పగిలిందో చెప్పేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో అమ్మవారి పటం ఉండేది. ఈ పిల్ల పసుపు రాసుకున్న కాళ్ళతో, నుదుట బొట్టుతో, మా చర్చి మెట్ల మీద కూర్చుని నా పాఠం వినేది. ఊరంతా సక్రాల పిల్ల అనేవారు. నేనూ ఆ పేరే రాస్తాను.

ఒక రోజు నేను ఒకే చోట నాలుగుసార్లు తప్పాను. అయిదోసారి మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది. "అది కాదే. దాని పక్కది."

మిస్ లేచి బయటికి వెళ్ళింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. అరచెయ్యి వాసన చూడడం కూడా మర్చిపోయింది.

ఆ పిల్ల చేతుల మీద బిస్కెట్లు నిలిచేవి కావు. వేళ్ళు మెట్ల మీద కోడిపిల్లల్లా పరిగెత్తేవి, బిస్కెట్లు ఎగిరి ఎక్కడో పడేవి. మిస్ నవ్వి, కింద పడ్డవి ఏరి పిచ్చుకలకి వేసి, ఆమెకి కొత్తవి ఇచ్చేది. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుకుకి విందు జరిగితే, ఇంటిపట్టునే ఉండి తండ్రి మాట జవదాటని పెద్దకొడుకుకి ఒక్క మేకపిల్ల కూడా దక్కలేదన్న బైబిలు కథ నాకు కంఠతా వచ్చు. అందరూ చిన్నకొడుకు కోసం ఏడుస్తారు. నేను పెద్దకొడుకు కోసం ఏడ్చేదాన్ని.

ఇంకొకటి చెప్పాలి. సక్రాల పిల్ల వాయిస్తుంటే మిస్ పొయ్యి సంగతి మర్చిపోయి గుమ్మంలో గరిటెతో నిలబడిపోయేది. వెనకనుంచి కూర మాడిన వాసన వచ్చేది. నా పాఠం జరుగుతుండగా ఏ రోజూ కూర మాడలేదు.

పంపు దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడేవారు. మా అమ్మే ఒకసారి నాన్నతో అంది. "బొట్టెట్టుకున్న గుంట దేవుడి మందిరంలో వాయించడమేటి? సంఘంలో పిల్లలు నేరా?"

నాన్న బనియను ఉతుక్కుంటూ తలెత్తకుండా అన్నాడు. "పియానోకేటి, మనం బాప్తిస్మం ఇచ్చినామా?"

అమ్మ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. నేను కంఠత వాక్యాల్లో బహుమతి తెచ్చుకున్నదాన్ని. ఎనిమిదో ఏట నుంచి మోకాళ్ళూని, నా వేళ్ళు నీ మందిరానికే అని దేవునికి మాటిచ్చినదాన్ని. ఆ వరమేదో నా చేతుల పక్కనుంచి నడిచి వెళ్ళి, ప్రార్థన ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియని పిల్ల వేళ్ళలో దూరింది. దేవుడు పొరపాటు పడ్డాడని అనుకోకూడదు. కానీ అనుకున్నాను.

ఒక్కోసారి ఇద్దరం చర్చి వెనక గోడ మీద కూర్చుని ఆవనూనె కలిపిన ముడి, అంటే మరమరాలు, తినేవాళ్ళం. నా పొట్లంలోంచి పచ్చిమిరపకాయ ఏరి ఆమెకి తెలియకుండా ఆమె మరమరాల్లో పెట్టేదాన్ని. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఏటే, నీదీ ఇంత కారంగా ఉన్నాదా?" అని జాలిగా అడిగేది. ఆ జాలి నాకు ఇంకా మంట.

*

ఆ వానాకాలమే కలకత్తా నుంచి ఒక పెద్దావిడ వస్తుందని మిస్ చెప్పింది. ఆవిడ సంగీతం బడి నడిపేది. ఏటా ఒక్క పిల్లని ఎంచుకుని తన దగ్గరే ఉంచుకునేది. తిండి, చదువు, పాఠం అన్నీ అక్కడే. మిస్ మా ఇద్దరి గురించీ రాసింది. ఆవిడ వచ్చి ఇద్దరినీ విని, ఒకరిని తీసుకెళ్తుంది.

ఆ ఒక్కరు నేను కావాలి. ఆ వయసులో ఒక కోరిక ఎంత బరువుంటుందో, అది మోసినవాళ్ళకే తెలుసు. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. మూడో శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లో దొంగతనంగా చల్ది అన్నం తిని, దానికోసం మళ్ళీ ప్రార్థన చేశాను.

సరిగ్గా ఆ నెలే సండే స్కూల్లో ఒక న్యాయాధిపతి కథ చెప్పారు. యుద్ధానికి వెళ్ళేముందు దేవుని చిత్తం తెలుసుకోవడానికి ఆయన కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచాడు. తెల్లారి నేలంతా పొడిగా ఉండి బొచ్చు మాత్రం తడిస్తే, దేవుడు తన పక్షమని గుర్తు.

పియానోలో ఉన్నది కూడా గొర్రెబొచ్చే కదా అని నాకు తట్టింది.

పెద్దావిడ శనివారం వస్తుందనగా సోమవారం సాయంత్రం ఒక్కదాన్నే చర్చికి వెళ్ళాను. పియానో ముందు మోకరించి, "ప్రభువా, ఈ బొచ్చు తడిస్తే కలకత్తాకి నన్నే పంపుతున్నావని తెలుసుకుంటాను," అని ప్రార్థించాను. ఆమేన్ అన్నాను. చెయ్యి చాపి, బల్బు స్విచ్ ఆపేశాను.

ఆ న్యాయాధిపతి తన బొచ్చు మీద తనే నీళ్ళు పోసుకోలేదు. ఈ తేడా నాకు అప్పుడూ తెలుసు.

నా లెక్క నాకుంది. నేను ఎంచుకున్నది నెమ్మదైన కీర్తన. ఒక మెట్టు లేవకపోయినా లేపుకునే తీరిక ఉంటుంది. ఆమెది పరుగు పాట, ఒక్క మెట్టు అంటుకుంటే బోర్లా పడుతుంది.

ఆ వారమంతా మిస్‌కి జ్వరం, పాఠాలు లేవు. బుధవారం సక్రాల పిల్ల తడిసిన గొడుగుతో మా గుమ్మంలోకి వచ్చింది.

"ఒలే, తాళమిస్తావేటి? ఓ గంట వాయించుకుని ఇచ్చేస్తాను."

"తాళం నాన్న పట్టుకెళ్ళినాడు."

ఆమె క్యాలెండరు పక్కకి చూసింది. "మరదేటి ఏలాడతన్నాది?"

"అది బీరువాది."

"అచ్చం అలాగే ఉన్నాది సుమీ," అని ఆశ్చర్యపోయి, నమ్మి, వానలోనే వెళ్ళిపోయింది. నేనూ ఆ వారం వాయించలేదు. దాన్ని న్యాయం అనుకున్నాను.

*

శనివారం మధ్యాహ్నం చర్చి నిండిపోయింది. వర్క్‌షాపు ఒంటిపూట కావడంతో నాన్న కూడా వచ్చాడు. పెద్దావిడ తెల్లచీర కట్టుకుని ముందు బెంచీ మీద కూర్చుంది. జ్వరం తగ్గిన మిస్ ఆమె పక్కన మఫ్లరు చుట్టుకుని కూర్చుంది. సక్రాల పిల్ల వాళ్ళయ్య ఖాకీ బట్టలతో, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం బయటే ఉండిపోయాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

ముందు నన్ను పిలిచారు. పాట రెండో వరసలోనే ఒక మెట్టు కింద ఉండిపోయింది. ఆగి, దాన్ని లేపి, మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకొకటి ఉండిపోయింది. నేను చేసిన పనే నా వేళ్ళకి అడ్డం పడుతుంటే చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించలేదు. కీర్తన ఎలాగో చివరికి చేరింది. సంఘం మర్యాదగా ఆమేన్ అంది.

తరవాత ఆమె. మొదటి పరుగులోనే మూడు మెట్లు పడుకుండిపోయాయి. పాట ఆగింది. ముందు బెంచీలో మిస్ చేతులు బిగుసుకున్నాయి. నా గుండెల్లో ఏదో లేచి నిలబడింది, దాన్ని సంతోషమనే అనాలి.

ఆమె మిస్ వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ఒక్కో మెట్టునీ మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళింది, చెవి వంచి. ఏది లేస్తోంది, ఏది లేవడం లేదు. గుమ్మంలో వాళ్ళయ్య తల కూడా అదే వైపు అలాగే వంగింది. తరవాత ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. వేగం కొంచెం తగ్గించింది. అంటుకున్న ప్రతి మెట్టునీ కొట్టిన వెంటనే చిటికెన వేలితో అంచు కింద నుంచి పైకి ఎగరేసి, ఆ వేలు దిగేలోపల పక్క వేలు తరవాతి దాని మీద ఉండేది. పాట కుంటలేదు. పైగా ఆ ఎగరేయడంలో అంతకుముందు లేని ఊపు ఒకటి దానికి వచ్చింది.

పెద్దావిడ లేచి నిలబడి విన్నది.

"ఇలా వాయించడం ఎవరు నేర్పారు?" అని అడిగింది హిందీలో.

ఆ పిల్ల గుమ్మం వైపు చూపించి తెలుగులోనే చెప్పింది. "మా అయ్య సక్రాలు ఇలాగే సూస్తాడండి. పగిలినవేవో ముందు తెలిసిపోతే, మరింకేటి భయం?"

మిస్ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. పెద్దావిడ గుమ్మం దగ్గరికి నడిచి వెళ్ళి, చెప్పులు పట్టుకున్న ఆయనకి నమస్కారం పెట్టింది. అంతటితో అయిపోయింది.

అందరూ కొబ్బరన్నానికి వెళ్ళాక మిస్ నన్ను ఉండమంది. అడుగు పలక తీసి డబ్బాలో చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది.

"బల్బు ఫ్యూజు పోయిందా?"

"పోయింది మిస్."

ఆవిడ బల్బు విప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మళ్ళీ బిగించి స్విచ్ వేసింది. వెలిగింది. ఆ పసుపు వెలుతురు మా ఇద్దరి కాళ్ళ మీద పడింది. తల దించుకుని ఆ కాళ్ళనే చూస్తున్నాను.

"నాకు ఇన్నాళ్ళూ భయం నీ గురించి కాదు," అంది. "ఆ పిల్ల గురించి. ఈ కలకత్తా ఆవిడ ఎప్పుడూ నీట్‌గా వాయించేవాళ్ళనే తీసుకుంటుంది. ఆల్వేస్. సూఖా, పొడి పియానో అయి ఉంటే నువ్వే వెళ్ళేదానివి."

తిట్టలేదు. నాన్నకి చెప్పలేదు. పలక మూసి, మఫ్లరు సర్దుకుని, "రేపట్నుంచి కూడా నువ్వే వెయ్యి," అని భోజనాలకి వెళ్ళిపోయింది.

సక్రాల పిల్ల కలకత్తా వెళ్ళే పొద్దున వాళ్ళమ్మ చేసిన కొబ్బరుండలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మేకు వైపు చూసి, "మీ బీరువా తాళం బాగున్నాదా?" అని నవ్వింది. ఎగతాళో, ఊరికే అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. వెళ్తూ వెళ్తూ అంది. "బల్బు మరిసిపోకే. పాపం, దానికి సలేస్తాది."

*

ఆ తరవాత సంగతి మీరు ఫోనులో చూస్తున్నదే. కలకత్తా అయ్యాక సముద్రాలు దాటింది. పోటీల్లో గెలిచింది, పెద్ద పెద్ద హాళ్ళలో వాయించింది, రికార్డులిచ్చింది, తనూ గురువై శిష్యుల్ని తయారుచేసింది. మొదట్లో ఉత్తరాలు రాసేది. ప్రతిదానిలో మెట్లు అంటుకుంటున్నాయా అని అడిగేది. నేను జవాబులు తగ్గించాను, ఆమె ఉత్తరాలు ఆగాయి. ఆమె గురించి పేపర్లో వచ్చిన ముక్కలన్నీ కత్తిరించి బైబిల్లో దాచుకున్నాను. చూసినవాళ్ళు ఎంత ప్రేమో అనేవారు. ప్రేమ కాదు. ఎక్కడైనా తప్పిందా, ఎవరైనా బాగాలేదన్నారా అని వెతికేదాన్ని. అలాంటి ముక్క ఒక్కటి దొరికింది. దాన్నే ఎక్కువసార్లు చదివాను.

నేను ఇక్కడే ఉన్నాను. నలభై ఏళ్ళు ఈ చర్చిలో పియానో వాయించాను. నా కీర్తనల్లో తప్పు వెతికినా దొరకదు. సండే స్కూలు చెప్పాను. తన ఎదుట సితారా వాయిస్తున్న గొర్రెల కాపరి మీద ఓర్వలేక ఈటె విసిరిన రాజు కథ ఎన్నిసార్లు చెప్పానో. పిల్లలంతా కాపరి వైపే ఉంటారు. నేను ప్రతిసారీ ఆ రాజు చెయ్యి గురించి ఆలోచిస్తాను. ఈటె గోడకి గుచ్చుకుపోయాక ఖాళీగా మిగిలిన చెయ్యి గురించి.

నెలలో మొదటి ఆదివారం వచ్చినప్పుడల్లా ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునే ముందు అన్ని పాపాలూ ఒప్పుకున్నాను, ఈ ఒక్కటి తప్ప. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. బల్బు ఫ్యూజు పోలేదు. నేను ఆపాను.

ఒక్క మాట మిగిలింది. పోయిన ఆదివారం ఫోనులో పాట అయిపోవస్తుండగా ఆ అమ్మాయి నా మోచెయ్యి పొడిచింది. "ఇదిగో ఇప్పుడు చూడండి ఆంటీ, ఈవిడ చిటికెన వేలు! ఇలా పైకి ఎగరేస్తారు. అది ఈవిడ స్టైలంట. ఎందుకలా చేస్తారో ఎవరికీ తెలీదంట. అందరూ కాపీ కొడుతున్నారు."

చూశాను. పొడి హాలు, అంత గొప్ప పియానో. అక్కడ ఏ మెట్టూ అంటుకోదు. అయినా ఆ ముసలి వేలు అంచు కిందికి వెళ్ళి, లేవని మెట్టుని లేపుతోంది. ఆడవాళ్ళంతా ఆహా అన్నారు. అది నాది అని గట్టిగా అరవాలనిపించింది. ఆమె సంగీతంలో నా వాటా అదొక్కటే. అది కూడా ఆమె పేరు మీదే చెలామణి అవుతోంది.

ఇందాలో కొన్న బల్బు ఈ సాయంత్రం బిగించాను. డబ్బా వేడెక్కేదాకా చెయ్యి దాని మీద ఉంచి, పియానో పక్కనే కింద కూర్చున్నాను. స్విచ్ ఆపినందుకు క్షమించమని దేవుణ్ణి అడిగాను, పూర్తి మనసుతో అడిగాను. అసూయ తీసెయ్యమని మాత్రం ఇంకా అడగలేదు. అది కూడా పోతే ఆమె నుంచి నాకు ఏం మిగులుతుందో తెలియక, స్టూలు పట్టుకుని లేచి, తాళం వేసి ఇంటికి వచ్చాను.